సున్నా పాయింటు సున్నా రెండు

తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు బజారులోకి అడుగు పెడితే త్రాసులు కూడా ఊపిరి బిగబడతాయని చెప్పుకుంటారు. త్రాసుల సంగతేమో గానీ, దుకాణదారులు బిగబట్టడం మాత్రం నిజం. ఒకసారి ఒక బేకరీలో బిస్కెట్ల పొట్లం గ్రాము తక్కువ తూగిందని ఆయన జరిమానా రాశారు. బేకరీ యజమాని చేతులు కట్టుకుని, "చీమేదో తినుంటుంది సార్" అన్నాడు. "అయితే చీమ కడుపులో ఉన్న సరుకు తీసేసి పొట్లం మీద బరువు అచ్చు వెయ్యి" అన్నారీయన. ఆ రోజు నుంచి ఊరంతా ఆయన్ని గ్రాము గారు అంటోంది. వెనకాలే అంటారు. అయినా ఆయనకి తెలుసు. తెలిసి, కోపం తెచ్చుకోవాలా, పొంగిపోవాలా అని కొన్నాళ్లు ఆలోచించి, చివరికి లోలోపల పొంగిపోవడానికే నిర్ణయించుకున్నారు.

బయట గ్రాము వదలని మనిషికి ఇంట్లో ఒకటే బలహీనత. తగ్గింపు. ఫోనులో "డెబ్బై శాతం తగ్గింపు" అన్న మాట కనిపిస్తే చాలు, జరిమానాలు రాసిన ఆ చెయ్యి వెన్నలా కరిగిపోతుంది. ఆ ఇంట్లో ఉల్లిపాయలు తరిగే యంత్రం ఒకటి ఉంది, అది ఉల్లిపాయని తప్ప అన్నిటినీ తరిగింది, ఆయన బొటనవేలితో సహా. నడుం నొప్పికి కట్టుకునే బెల్టు ఉంది. ఇంట్లో ఎవరికీ నడుం నొప్పి లేదు. "వచ్చాక కొంటే అసలు ధరకి కొనాలి" అన్నది ఆయన ముందుచూపు.

ఆయన భార్య ముందు గదిలో కుట్టు మిషను పెట్టుకుని నలుగురికీ బట్టలు కుడుతుంది. ఈసారి నర్సింగ్ కాలేజీ వాళ్లు కొత్తగా చేరే పిల్లల తెల్ల కోట్లకి, జేబు మీద దీపం గుర్తు కుట్టే పని ఆవిడకి అప్పగించారు. కాలేజీ తెరిచేలోగా ఇచ్చేయాలి. నచ్చితే ఏటా ఆ పని ఆవిడదే. అంత పని చేత్తో తెమిలేది కాదు గనక, బొమ్మ ఇస్తే దానంతటదే కుట్టుకుపోయే ఎంబ్రాయిడరీ మిషను కొందామని ఆవిడ అనుకుంది. దానికోసం కొన్నేళ్లుగా కుట్టుకూలి దాచింది. బజారులో షాపుకి వెళ్లి, మిషను చూసి, సూది తాకి, "రేపొచ్చి తీసుకెళ్తాను" అని చెప్పి ఇంటికొచ్చింది.

ఆ సాయంత్రం గ్రాము గారు ఫోను చూశారు.

"ఇదిగో, ఇలా రా! నువ్వు చెప్పిన మిషనే. అదే రంగు, అదే సూది. మూడో వంతు ధర!"

"ఎందుకంత తక్కువట?"

"గోడౌను ఖాళీ చేస్తున్నారట."

"మీ బెల్టు కొన్నప్పుడూ గోడౌనే ఖాళీ చేశారు. ఖాళీ చెయ్యడానికే కడతారా ఏంటి వాళ్లు?"

"వేళాకోళం తర్వాత. ఇంక రెండే మిగిలాయి. ఈ క్షణాన పద్నాలుగు మంది దీన్నే చూస్తున్నారని ఇక్కడే రాశాడు."

"ఆ పద్నాలుగు మందీ ఎందుకు కొనట్లేదట?"

జవాబు లేనప్పుడు మగవాళ్లు చేసే పనే ఆయనా చేశారు. "కార్డు ఇటివ్వు" అన్నారు.

ఆవిడ ఇచ్చింది. నమ్మి ఇచ్చిందనుకునేరు. ఇవ్వకపోతే మిగిలుండేదెంతో ఆయన బతికున్నంతకాలం చెబుతూనే ఉంటారని తెలిసి ఇచ్చింది. షాపువాడికి ఫోన్ చేసి, "రేపు కాదు బాబూ, చూద్దాం" అని చెప్పినప్పుడు మాత్రం గొంతు కాస్త తగ్గింది.

మర్నాడు ఆ వెబ్‌సైటు వాళ్లు ఒక లింకు పంపారు. గ్రాము గారు నొక్కారు. ఫోను నిండా ప్రపంచం తెరుచుకుంది.

నీలం సముద్రాలు, పచ్చటి ఖండాలు, వాటి మధ్య చుక్కల చుక్కల దారి. ఆ దారికి అవతలి కొసన, చీమ తలకాయంత పసుపు లారీ. దాని మీద ఆయన పేరు. "మీ వస్తువు బయలుదేరింది."

ఆయన చాలాసేపు అలాగే చూశారు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఆయన తిరిగిందల్లా ఆ బజారు, ఈ బజారు. సముద్రాన్ని బీమా కంపెనీవాళ్లు ఇచ్చిన క్యాలెండరులో చూశారు. అలాంటి మనిషి కోసం, ఎక్కడో భూగోళం అంచున, ఎవరో లారీకి తాళం తిప్పారు.

తెల్లారితే ముఖం కడుక్కోక ముందే లారీ. మధ్యాహ్నం అన్నంలో చెయ్యి పెట్టి, ఎడం చేత్తో లారీ. ఒకరోజు అది మంచు కొండల్లో ఉంది. ఇంకో రోజు నోరు తిరగని పేరున్న రేవులో ఉంది. ఆ తర్వాత నడి సముద్రంలోకి వచ్చింది.

"లారీ నీళ్ల మీద పోతోందేంటండీ?" అంది భార్య, భుజం మీంచి తొంగి చూసి.

"అది గుర్తు మాత్రమేనే. లోపల ఓడ ఉంటుంది."

"లారీ లోపలా?"

"నీకు చెప్పినా అర్థం కాదు" అన్నారాయన. ఆ మాట అర్థం కానివాళ్లే అంటారని ఆవిడకి పెళ్లైన కొత్తలోనే అర్థమైంది.

ఒకనాడు "తుఫాను వల్ల ఆలస్యం. మీ ఓర్పుకి కృతజ్ఞతలు" అని వచ్చింది. బజారులో త్రాసు చూపించడానికి ఆలస్యం చేస్తే నిప్పులు చెరిగే మనిషి, ఆ రోజు కిటికీ దగ్గర నిలబడి గాలి ఎటు వీస్తోందో చూశారు. ఓడలో వాళ్లు భోంచేశారో లేదో అని కూడా అన్నారు. లిఫ్టులో కనిపించిన పక్కింటివాళ్లకి, ఆఫీసులో గుమస్తాలకి, జలసంధి ఎక్కడ సన్నబడుతుందో, ఓడలు అక్కడ వరసలో ఎలా నిలబడతాయో వివరించారు. వాళ్లూ నోళ్లు తెరిచి విన్నారు. అంత పెద్ద సముద్రం, మన అపార్టుమెంటు మూడో అంతస్తు కోసం పక్కకి జరుగుతోందంటే ఎవరికి ఆశ్చర్యంగా ఉండదు?

ఆశ్చర్యపడనివాడు ఒక్కడే. ఆయన బావమరిది. బీమా పాలసీలు అమ్ముతాడు. వచ్చినప్పుడల్లా గుమ్మంలోంచే మొదలుపెట్టేవాడు.

"బావా, ఓడ ఎందాకా వచ్చింది? తిమింగలం గాని మింగలేదు కదా?"

"ఏడిశావులే."

"నేనైతే కంటితో చూసి, చేత్తో పట్టుకుని, డబ్బులిస్తా. ఫోనులో కొనేవాళ్లని చూస్తే నాకు జాలి బావా. నిజంగా జాలి."

"నీలాంటివాళ్ల వల్లే దేశాలు వెనకబడ్డాయిరా" అనేవారు గ్రాము గారు.

ఆ మ్యాపు అడుగున ఒక చిన్న వరస ఉండేది. బరువు: 0.02. అంతే. పక్కన కిలోలనీ లేదు, గ్రాములనీ లేదు. భార్యే చూసి అడిగింది.

"ఇదేంటండీ, సున్నా పాయింటు సున్నా రెండు?"

గ్రాము గారు కళ్లద్దాలు సర్దుకున్నారు. యూనిట్ రాయకపోవడం తప్పు అన్నారు. ఇక్కడైతే జరిమానా వేసేవాణ్ణి అన్నారు. తర్వాత ఆయన అనుభవం అంతా ఆయన చేత ఒక పని చేయించింది. మామూలు మనిషైతే అయ్యో అనుకునేవాడు. ఆయన మామూలు మనిషి కాదు గనక లెక్క వేశారు.

"ఓడ సరుకు టన్నుల్లో రాస్తారు. టన్నుకి వెయ్యి కిలోలు. సున్నా పాయింటు సున్నా రెండు అంటే ఇరవై కిలోలు. నీ మిషను బరువెంత?"

"షాపువాడు ఇరవై కిలోలన్నాడు."

"చూశావా!" అన్నారాయన. ఆ క్షణంలో ఆయన ముఖం సున్నం వేసిన గోడలా వెలిగింది. సముద్రానికి అవతల ఎవడో అజ్ఞాత వర్తకుడు, ఇటు ఈయన త్రాసు, మధ్యలో ఒక్క అంకె. ఇంత సరిగ్గా కలవడం ఉద్యోగంలో ఎన్నడూ చూడలేదు.

ఈలోగా కాలేజీ తెరిచే రోజు దగ్గర పడుతోంది. మిషను వచ్చేదాకా ఊరికే కూర్చోలేక, ఆవిడ జేబులు చేత్తో కుట్టడం మొదలుపెట్టింది. బల్ల మీద తెల్లటి జేబుల దొంతర, పక్కన ఎర్రదారం, పసుపుదారం. దీపం సెమ్మెకి ఒక రకం కుట్టు, మంటకి ఇంకో రకం. వేలి చివర్లు గుచ్చుకుని గరుకెక్కాయి. గ్రాము గారు ఆ బల్ల పక్కనే కూర్చుని సముద్రం చూసేవారు.

చివరికి లారీ నేల మీదకొచ్చింది. మ్యాపు మూసేసి, "మీ ఊరి కొరియరుకి అప్పగించాం" అని ఒక నంబరు ఇచ్చారు. ఆయన ఆఫీసుకి సెలవు పెట్టారు. ఇరవై కిలోల పెట్టె గుమ్మంలో పట్టదేమోనని చెప్పుల స్టాండు తీయించారు. సాయంత్రం ఫోను కుయ్యిమంది.

"మీ వస్తువు అందజేయబడింది. సంతకం తీసుకున్నాం."

గుమ్మంలో ఎవరూ లేరు. కిందికి దిగి వాచ్‌మన్‌ని అడిగారు. పక్కింట్లో అడిగారు. పార్కింగులో స్కూటర్ల వెనక వంగి చూశారు, ఇరవై కిలోల పెట్టె సిగ్గుపడి దాక్కుందేమోనన్నట్టు.

ఆ వెబ్‌సైటులో రాసి మాట్లాడుకునే చాట్ ఉంది. అందులో ఎవరో చాలా మర్యాదస్తులు ఉన్నారు. మిషను అందలేదని రాస్తే, "మీ బాధ మాకు అర్థమైంది ప్రియమైన సార్" అని, పదిహేను శాతం డబ్బు వెనక్కిస్తాం, ఒప్పుకోండి అన్నారు. గ్రాము గారు కుదరదన్నారు. ఇరవై అన్నారు. ఈయన మళ్లీ కుదరదన్నారు. బేరం మొదలయ్యేసరికి ఆయనకి నరనరానా హుషారు ఎక్కింది. కుర్చీలో ముందుకు జరిగారు. టీ చల్లారింది. రాత్రికల్లా నలభై శాతానికి లాగారు.

"విన్నావా! పదిహేనుతో మొదలెట్టినవాణ్ణి నలభైకి తెచ్చాను!"

భార్య సూది ఆపింది. తలెత్తింది.

"ఎవరి డబ్బండీ అది?"

"మనదే."

"మన డబ్బు మనకివ్వమని బేరం ఆడారా?"

గ్రాము గారు చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశారు.

"షాపువాడి దగ్గరికి వెళ్లుంటే ఈపాటికి నా మిషను నా ముందుండేది" అంది ఆవిడ. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేదనిపించింది ఆయనకి. "కాలేజీ వాళ్లకి ఏం చెప్పను? మా ఆయన నలభై శాతం గెలిచారు, పిల్లలు నలభై శాతం కోట్లు వేసుకోండని చెప్పనా?"

మర్నాడు బ్యాంకుకి వెళ్లారు. కార్డుల పని చూసే అమ్మాయి కంప్యూటరులో చూసి, అవతలివాళ్లు మీ ఊళ్లోనే అందజేసినట్టు కొరియరు రుజువు చూపిస్తున్నారండి అంది. అందలేదని మనం చూపించాలి, ఏ అడ్రసుకి ఏం ఇచ్చారో కొరియరు నుంచి రాయించుకు రండి, డబ్బు మొత్తం వెనక్కి అడుగుదాం అంది.

కొరియరు ఆఫీసు గుమ్మంలోకి వెళ్లేసరికి మేనేజరు దిగ్గున లేచాడు. నిరుడు అతని త్రాసుకి జరిమానా వేసింది ఈయనే.

"సార్! మళ్లీ చెకింగా? త్రాసు తుడిచే ఉంది సార్!"

"చెకింగ్ కాదు. నా పార్సిలు ఒకటి..."

మేనేజరు నెమ్మదిగా కూర్చున్నాడు. కూర్చుని, కాలు మీద కాలు వేసుకున్నాడు.

"చెప్పండి."

నంబరు కొట్టి చూశాడు. "అందజేశాం సార్. కవరు. ఇరవై గ్రాములు."

"ఇరవై కిలోలు."

"గ్రాములు సార్. ఇక్కడ తూచే తీసుకుంటాం."

"మీ త్రాసు తప్పు చూపిస్తోందేమో."

"మీరు ముద్ర వేసిన త్రాసు సార్ అది" అన్నాడు మేనేజరు, భక్తిగా. "అది తప్పని నేనంటే మా ఇన్‌స్పెక్టరు గారు ఊరుకోరు."

గ్రాము గారు బల్ల మీదున్న త్రాసు వైపు చూశారు. దాని నడుముకి సీసపు బిళ్ల, బిళ్ల మీద తన అక్షరాలు. సున్నా పాయింటు సున్నా రెండు. కిలోల్లో. సముద్రం మీద ఆయన నడిపిన ఇరవై కిలోల పెట్టె, ఆ క్షణాన, నిశ్శబ్దంగా, ఆయన కళ్ల ముందే మునిగిపోయింది.

"పేరు మీదే, ఊరు మనదే, వీధి మాత్రం మీది కాదు" అన్నాడు మేనేజరు, ఈసారి కాస్త మెత్తగా. "ఇలాంటివి వస్తుంటాయి సార్. ఏదో కవరు ఈ ఊళ్లో ఎవరికో ఒకరికి చేరితే చాలు వాళ్లకి. అందిందని కంప్యూటరులో పడుతుంది. అదే బ్యాంకుకి చూపిస్తారు. మార్కెట్టు వెనక గడియారాల షాపు లేదూ, అక్కడికెళ్లింది మీది. మీరు అడిగిన కాగితం రాసిస్తాను, కూర్చోండి."

ఆ షాపు ఒక సందులో ఉంది. గదంటే గది కాదు, గోడకి గోడకి మధ్య మిగిలిన జాగా. గోడల నిండా గడియారాలు, దేని దారి దానిదే, దేని టైము దానిదే. కంటికి భూతద్దం బిగించుకున్న పెద్దాయన తలెత్తకుండానే అడిగాడు.

"బాగు చేయించాలా, కవరు కోసమా?"

"కవరు కోసం" అన్నారు గ్రాము గారు. తన గొంతు తనకే దొంగ గొంతులా వినిపించింది.

"లోపలికి రండి."

వెనకాల ఇంకో గది ఉంది. పెద్దాయన లైటు వేశాడు.

గ్రాము గారు గుమ్మంలోనే నిలబడిపోయారు. ఈ గోడ నుంచి ఆ గోడకి తీగలు కట్టి ఉన్నాయి. తీగల నిండా, బట్టలు ఆరేసినట్టు, క్లిప్పులు పెట్టి కవర్లు. వరస వెనక వరస. బూడిద రంగు కవర్లు, తెల్ల కవర్లు, ఫ్యాను గాలికి మెల్లగా ఊగుతున్నాయి. ప్రతి కవరు మీదా ఒక పేరు. ఏ ఒక్కదాని మీదా పెద్దాయన పేరు లేదు.

"ఎందుకిలా..."

"ఎవరివి వాళ్లొచ్చి తీసుకెళ్తారని. చెత్తలో వెయ్యడానికి మనసొప్పలేదండీ. అందరి పేర్లూ ఉన్నాయి కదా."

"వెనక్కి పంపించలేకపోయారా?"

"వెనక అడ్రసులు చూశాను. చదివితే నాలిక పట్టేసింది."

గ్రాము గారు వరసల మధ్య నడిచారు. అడుగు చప్పుడు కాకుండా నడిచారు, ఎందుకో ఆయనకే తెలియదు. ఒక్కో పేరూ తెలిసిన పేరే. మందులు కంపెనీ చూసి కొనమని అందరికీ చెప్పే డాక్టరు. పిల్లలకి పొదుపు మీద ఉపన్యాసమిచ్చే హెడ్మాస్టరు. చీమ మీద నేరం తోసిన బేకరీ యజమాని. ఒక్కో కవరు వెనక ఎవరో ఒకరు తెల్లారగట్ల ఫోనులో పసుపు లారీని చూసుకున్నారు. ఈ ఊరి సముద్రం మీద ఒక్క లారీ కాదు, వందల లారీలు ఒకదాన్నొకటి ఎరక్కుండా తిరిగాయన్నమాట. వీధిలో ఎదురుపడి నమస్కారాలు పెట్టుకుంటూనే, ఒక్కరూ పక్కవాడితో అనలేదు. దొంగకి తేలు కుట్టినట్టు అంటారు. ఇక్కడ కుట్టించుకున్నవాళ్లు దొంగలు కారు, అయినా నోరు మాత్రం అలాగే మూసుకున్నారు.

"ఎవరూ రాలేదా?"

"కొందరొచ్చారు. ఒకాయన సైకిలు కోసం వచ్చాడు. కవరు చింపితే తలకి పెట్టుకునే క్లిప్పు. కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి, ఎవరికీ చెప్పకండి అని వెళ్లిపోయాడు. ఆయనకి బట్టతల కూడానండీ, పాపం."

రెండో వరస చివర గ్రాము గారు ఆగిపోయారు. ఒకే పేరు మీద మూడు కవర్లు. బావమరిది పేరు.

పక్క తీగ మీద తనది. చింపారు. సీతాకోకచిలుక ఆకారంలో ప్లాస్టిక్ క్లిప్పు. ఆయన సంచీలో తనిఖీకి తీసుకెళ్లే బుల్లి త్రాసు ఎప్పుడూ ఉంటుంది. తీసి, బల్ల మీద పెట్టి, కవరుతో సహా దాన్ని పైన పెట్టారు.

ఇరవై గ్రాములు. ఖచ్చితంగా ఇరవై.

గ్రాము గారు దాన్నే చూస్తూ ఉండిపోయారు. కోపం రావాలి. వచ్చేదేమో కూడా, దానికంటే పెద్దదేదో అడ్డు రాకపోతే. తన ముఖం చూడని, పేరు పలకలేని మనిషి ఎవడో, లేని లారీని లేని కొండలెక్కించి, లేని తుఫానుకి తనని కిటికీ దగ్గర నిలబెట్టి, చివరికి ఈ సందులో ఈ గది వెతికి పట్టుకుని, సీతాకోకచిలుకని పంపించాడు. ఇంత ఓపిక ఉన్నవాడు మిషనే తయారు చేసి పంపొచ్చు. అన్నిటికంటే విడ్డూరం ఏమిటంటే, ఇన్నేళ్ల ఉద్యోగంలో, చెప్పిన బరువుకి చీమంత తేడా లేకుండా సరుకు పంపిన వర్తకుడు ఆయనకి ఇతనొక్కడే తగిలాడు.

సాయంత్రం బావమరిది మామూలుగానే గుమ్మంలోంచి మొదలుపెట్టాడు.

"ఏం బావా, ఓడ రేవుకి..."

"గడియారాల షాపుకి వెళ్లొచ్చాను" అన్నారు గ్రాము గారు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, బావమరిది చెయ్యి దానంతటదే నెత్తి మీదికి పోయింది. గదిలోకి వచ్చి తలుపు మూశాడు.

"అక్కకి చెప్పకు బావా. బూట్లు, డ్రోనూ, కాళ్లు పిసికే మిషనూ. అంతే. ఒట్టు."

"నీకు డ్రోను ఎందుకురా?"

"తగ్గింపులో ఉంది బావా."

గ్రాము గారు అతని భుజం మీద చెయ్యి వేశారు. సొంత తోబుట్టువుల మీద కూడా ఆయనకి అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు. "రేపు నీ కవర్లు తీసుకుని బ్యాంకుకి రా" అన్నారు.

తలుపవతల నుంచి, "డ్రోనుకి పాలసీ చేయించావుట్రా తమ్ముడూ?" అని వినిపించింది.

మర్నాడు భార్య, కవర్లతో బావమరిది వెంట రాగా వెళ్తే, బ్యాంకులో కార్డుల అమ్మాయి కొరియరు కాగితం చూసి సంతోషించింది. వేరే అడ్రసు, ఇరవై గ్రాములు, భేషుగ్గా ఉందండి అంది. తర్వాత తెర మీద ఇంకేదో చదివి ముఖం ముడుచుకుంది.

"వాళ్లు కూడా జవాబు పెట్టారండి. బరువు మ్యాపు మీద మొదటి నుంచీ ఉంది, మీరు రోజుకి ఎన్నోసార్లు తెరిచి చూశారు, ఒక్కసారీ అభ్యంతరం చెప్పలేదు, కాబట్టి ఏం వస్తోందో తెలిసే ఊరుకున్నారు అంటున్నారు. ఆర్డరు పెట్టినవాళ్లు దీనికి వివరణ రాసివ్వాలి. ఆ బరువు మీరు చూశారా అండి?"

గ్రాము గారు కలం పట్టుకున్నారు. కాగితం మీద పేరు రాశారు. వృత్తి అన్న చోట ఆగారు. వెనక బెంచీ మీద ఆయన జరిమానాలు వేసిన దుకాణదారులు ఇద్దరు, డిపాజిట్ల పని మీద వచ్చి, చెవులు రిక్కించుకుని కూర్చున్నారు.

పక్క కుర్చీలోంచి భార్య దగ్గరికి వంగింది. "చూడలేదని రాసెయ్యండి" అంది, ఆయనకి మాత్రమే వినపడేలా. "ఎవరు చూడొచ్చారు? నా డబ్బే కదా, నేనే చెప్తున్నాను."

ఆవిడ వేళ్ల చివర్లు బల్ల అంచు మీద ఉన్నాయి. సూది గుచ్చుకున్న చోటల్లా చిన్న చిన్న ఎర్రటి చుక్కలు. చూడలేదని రాస్తే పరువు దక్కుతుంది. పట్టుబడితే డబ్బు పోతుంది. చూశానని రాస్తే పరువు ఇక్కడే, ఈ బెంచీ ముందే పోతుంది, డబ్బు వస్తుందో రాదో తెలియదు. గ్రాము గారు అన్నేళ్లూ ఎదుటివాళ్ల త్రాసుల ముందు నిలబడ్డారు. పళ్లెంలో తనే కూర్చోవడం ఇదే మొదలు.

వృత్తి దగ్గర తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు అని రాశారు. కింద ఇలా రాశారు:

"చూశాను. మిషను బరువుతో సరిపోయింది గనక టన్నులనుకున్నాను. యూనిట్ లేకుండా అంకె ఒక్కటే చూపిస్తే అది బరువు చెప్పినట్టు కాదు. ఈ మాట చెప్పి నేను చాలామందికి జరిమానాలు వేశాను. నాకు వెయ్యాల్సింది కూడా వెయ్యండి. మా ఆవిడ డబ్బు మాత్రం ఆవిడకి ఇప్పించండి."

సంతకం పెట్టారు. పక్కన తేదీ వేశారు. అమ్మాయి చదివింది. పెదవి కొరుక్కుని, పక్కకి తిరిగి, దగ్గినట్టు నటించింది. వెనక బెంచీకి నటించే అవసరం లేకపోయింది.

"టన్నులా?" అన్నాడు ఒకడు.

"టన్నులే" అన్నారు గ్రాము గారు, వెనక్కి తిరిగి. "మీ కవరు కూడా ఉంది అక్కడ. మూడో వరస. వెళ్లి తెచ్చుకుని రండి, మీదీ రాసిద్దాం."

నవ్వు ఠక్కున ఆగింది.

ఆ వారమంతా గడియారాల షాపు సందులో సందడే సందడి. డాక్టరు తలొంచుకుని వచ్చాడు. హెడ్మాస్టరు గొడుగు అడ్డం పెట్టుకుని వచ్చాడు. బేకరీ యజమాని మాత్రం దర్జాగా వచ్చి, "మాది ఓవెన్ అండీ, వచ్చింది ముక్కుపుడక" అని పదిమందిలో చెప్పాడు. ఒకడు చెప్పాక రెండోవాడికి సిగ్గు సగమైంది. తీగలు ఒక్కొక్కటే ఖాళీ అవుతుంటే పెద్దాయన ఆ గదిని ఏదో పోగొట్టుకున్నవాడిలా చూసుకున్నాడు. బజారులో గ్రాము గారికి పలకరింపు మారింది. ఇప్పుడు ఆయన త్రాసు తీస్తే దుకాణదారులు వినయంగా, "గ్రాముల్లోనా, టన్నుల్లోనా సార్?" అని అడుగుతున్నారు. ఆయన గ్రాముల్లోనే జరిమానా వేస్తున్నారు.

బ్యాంకు నుంచి కబురు రావడానికి టైము పట్టింది. వచ్చింది. మొత్తం డబ్బు వెనక్కి వచ్చింది. కాలేజీ తెరవడానికి ఇంకా కొన్ని రోజులే ఉంది, భార్య ఆ మధ్యాహ్నమే చెప్పులు వేసుకుంది. షాపువాడు ధర తగ్గిస్తాననలేదు. ఆవిడ అడిగిందీ లేదు. గ్రాము గారు పక్కనే నిలబడి, పెదవులు రెండూ గట్టిగా మూసుకుని ఉన్నారు, దంతాల డాక్టరు దగ్గర కూర్చున్నవాడిలా.

మిషను వచ్చింది. లిఫ్టు ఆ రోజే చెడింది. షాపు మనిషి ముందు, గ్రాము గారు వెనక. మొదటి మలుపు దాకా ఆయన తనని ఇన్‌స్పెక్టరనుకున్నారు. రెండో మలుపులో మెడ నరాలు తేలాయి. ఇరవై కిలోలు అని జీవితంలో ఎన్నిసార్లు రాశారో లెక్కలేదు. ఇరవై కిలోలంటే ఏమిటో ఆ మెట్ల మీద తెలిసింది. చేతుల్లోకి, భుజాల్లోకి, మోకాళ్లలోకి దిగుతున్న ఆ బరువు ఎంత నిజంగా ఉందంటే, మూడో అంతస్తులో దించాక కూడా ఆయన పెట్టె మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

భార్య దారాలెక్కించింది. తెల్లజేబు బిగించింది. మీట నొక్కింది.

సూది ఒక్క క్షణం గాలిలో ఆగి, దిగింది. ఎవరి చెయ్యీ లేకుండా గుడ్డ దానంతటదే జరుగుతోంది, తిరుగుతోంది. తెల్లటి ఖాళీ మీద ముందు ఒక గీత, తర్వాత సెమ్మె నడుం, తర్వాత పళ్లెం. మంట దగ్గరికి వచ్చేసరికి మిషను దానంతటదే ఎరుపు ఆపి పసుపు అందుకుంది. గ్రాము గారు స్టూలు మీద ముందుకి వంగారు. ఫోను జేబులో ఏదో తగ్గింపు గురించి రెండుసార్లు వణికింది. ఆయనకి వినపడలేదు.

"నోరు మూసుకోండి, ఈగ దూరుతుంది" అంది భార్య.

ఆయన మూసుకున్నారు. మంట పూర్తయ్యేసరికి మళ్లీ తెరుచుకుంది. బల్ల మీద, ఆవిడ చేత్తో కుట్టిన జేబులు సగం దొంతరగా ఉన్నాయి. ఆయన ఒకటి తీసి, మిషను కుట్టిన దాని పక్కన పెట్టారు. తిరగేశారు. వెనకవైపు కూడా ముందువైపంత శుభ్రంగా ఉంది, ఒక్క ముడి కనపడదు. ఇంకొకటి తిరగేశారు. అదీ అంతే. ఆ దొంతర పక్కనే ఇన్నాళ్లూ కూర్చున్నారు. ఒక్కసారీ ఇటు చూడలేదు.

"ఇదెలా కుట్టావ్?" అన్నారు.

ఆవిడ ఆయన వైపు చూసింది. వేళాకోళమేమోనని చూసింది. కాదని తెలిసి, జేబు అందుకుని, సూది తీసింది.

"ఇలా జరగండి, చూపిస్తాను" అంది. "వెలుతురికి అడ్డం రాకండి."